చండూరు మీద చూపిన వాన దేవరకొండ వైపు పడితే ఆ సూచనకు ఎన్ని మార్కులు వేయాలి?

ప్రశ్న: చండూరు_పత్తిచేను

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా చండూరు దగ్గర ఒక పల్లె. ఇంట్లో ఆరెకరాల పత్తి, కొంత బత్తాయి తోట ఉన్నాయి. నేను మాత్రం నల్లగొండలో ఉంటూ పిల్లలకు గణితం చెబుతాను. రెండు వానాకాలాలుగా మా చుట్టుపక్కల రైతుల కోసం ఒక పట్టిక నడుపుతున్నాను. రెండు వాతావరణ మోడళ్లు మరుసటి రోజుకు చూపిన వానను మండలాలవారీగా రాసుకుని, మర్నాడు తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థవారి ఆటోమేటిక్ కేంద్రాల్లో నమోదైన వానను దాని పక్కన వేసి, సూచన ఎంతవరకు నిజమైందో లెక్క కడతాను. మొదటి మోడల్ నేలను 12 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, ఎక్కడ గట్టి వాన పడుతుందో ఎక్కడ పడదో విడదీసి చూపిస్తుంది. రెండవది చాలా పెద్ద గళ్లది. అది జిల్లా అంతటా నాలుగైదు మిల్లీమీటర్ల వానను పలుచగా పరిచినట్టు చూపిస్తుంది.

నన్ను వేధిస్తున్న విషయం ఏమిటంటే, సగటు దోషం కట్టినా, మండలానికి మండలం సరిపోల్చి తప్పొప్పులు లెక్కపెట్టినా, ప్రతిసారీ రెండవ మోడలే మెరుగని తేలుతోంది. పటాలను పక్కపక్కన పెట్టి కంటితో చూస్తే మాత్రం మొదటిదే వానను గుర్తుపట్టినట్టు కనిపిస్తుంది.

ఒక్క రోజు సంగతి చెబుతాను. మృగశిర వచ్చి వారం దాటింది, దుక్కులు సిద్ధంగా ఉన్నాయి, విత్తన ప్యాకెట్లు ఇంటికి వచ్చాయి. మొదటి మోడల్ మునుగోడు, చండూరు మండలాల మీద ముప్పై, నలభై మిల్లీమీటర్ల వానను చూపింది. సాయంత్రం నాలుగింటికి నైరుతి దిక్కున మొగులు లేచింది, ఉరుములు వినబడ్డాయి, తడిమట్టి వాసనతో చల్లగాలి కూడా మా చేను దాకా వచ్చింది. చినుకు మాత్రం రాలలేదు. ఆరున్నరకు దేవరకొండ వైపు ఉన్న మా మేనత్త కొడుకు ఫోన్ చేసి, సాళ్లలో నీళ్లు నిలిచాయని చెప్పాడు. అంటే ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో, ఇంచుమించు అదే గంటకు, ఇంచుమించు అంతే వాన పడింది. నా పట్టికలో మాత్రం చండూరు దగ్గర ఒక తప్పు, దేవరకొండ దగ్గర మరొక తప్పు పడ్డాయి. రెండవ మోడల్ ఆ రోజు కూడా అంతటా నాలుగు మిల్లీమీటర్లని చెప్పి తక్కువ దోషంతో బయటపడింది. మా నాయన ఒకే మాట అన్నాడు: "వాన వస్తదన్నరు, వచ్చింది. మన చేన్ల పడలే, గంతే."

ఆ మాటను లెక్కలోకి తెచ్చే పద్ధతి ఏదైనా ఉందా? వాన సరైన గంటకు, సరైన మోతాదులో, కొంచెం పక్కన పడిందన్న సంగతిని గుర్తించే స్కోరు కావాలి. ఆ "కొంచెం పక్కన" అన్నది ఎన్ని కిలోమీటర్లు, దాన్ని ఎవరు నిర్ణయించాలి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు 1: గడి_చుట్టూ_గడి

మీ పట్టికలో పొరపాటేమీ లేదండి. లోపం ఆ స్కోరులోనే ఉంది. వాతావరణ సూచనలను సరిచూసేవారు దీన్ని జోడు శిక్ష అంటారు. స్థానం తప్పిన ఒక్క వానకు, చూపిన చోట పడనందుకు వట్టి హెచ్చరికగా ఒకసారి, పడిన చోట చూపనందుకు తప్పిన వానగా మరొకసారి, రెండు శిక్షలు పడతాయి. ఏమీ చూపకుండా ఊరుకున్న మోడల్‌కు ఒక్క శిక్షే పడుతుంది. గళ్లు చిన్నవయ్యే కొద్దీ, వాన రూపురేఖలు స్పష్టమయ్యే కొద్దీ ఈ శిక్ష పెరుగుతుంది. కాబట్టి మోడల్ మెరుగైన కొద్దీ పాత స్కోరు తగ్గడం చాలామందిని కంగారు పెట్టిన విషయమే.

కల్వకుర్తి నుంచి నల్లగొండ దాకా తిన్నగా గీత గీస్తే సుమారు 95 కిలోమీటర్లు ఉంటుంది. దాన్ని 12 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది గళ్లుగా విడగొట్టండి. మోడల్ 3వ, 4వ గళ్లలో 30 మి.మీ. చొప్పున వాన చూపిందనీ, నిజంగా 5వ, 6వ గళ్లలో 30 మి.మీ. చొప్పున పడిందనీ అనుకుందాం. నాలుగు గళ్లలో 30 మి.మీ. చొప్పున దోషం వచ్చింది కనుక వర్గ సగటు మూలం (దోషాలను వర్గం చేసి, సగటు తీసి, దానికి కట్టిన వర్గమూలం) 21.2 మి.మీ. అవుతుంది. ఎక్కడా వాన లేదని చెప్పిన మోడల్‌కు రెండు గళ్లలోనే దోషం వస్తుంది, దాని వర్గ సగటు మూలం 15 మి.మీ. మాత్రమే. రెండు గళ్ల అవతల వానను పట్టుకున్న మోడల్ కన్నా నోరు మూసుకున్న మోడల్‌కు ఎక్కువ మార్కులు వచ్చాయన్నమాట.

ఇది కొత్త చిక్కేమీ కాదు. 1884లో అమెరికాలో ఫిన్లీ అనే అధికారి సుడిగాలుల సూచనలు 96.6 శాతం నిజమయ్యాయని ప్రకటించాడు. మొత్తం 2803 సూచనల్లో వస్తుందని చెప్పి వచ్చినవి 28, వట్టి హెచ్చరికలు 72, తప్పినవి 23, రావని చెప్పి రానివి 2680. ఒక్కసారి కూడా సుడిగాలి వస్తుందని చెప్పకుండా ఉంటే 98.2 శాతం వచ్చేదని అదే ఏడాది గిల్బర్ట్ అనే శాస్త్రవేత్త చూపించాడు. వాన పడని గళ్లే ఎక్కువగా ఉండే మన జిల్లాల్లో ఏ శాతం చూసినా ముందు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోవాలి.

ఇక మీరు అడిగిన పద్ధతి. బ్రిటన్ వాతావరణ శాఖకు చెందిన రాబర్ట్స్, లీన్ 2008లో ప్రచురించిన ఫ్రాక్షన్స్ స్కిల్ స్కోర్ మీ పనికి సరిగ్గా సరిపోతుంది. ముందు ఒక హద్దు పెట్టుకోవాలి, ఉదాహరణకు రోజుకు 15 మి.మీ. ఆ హద్దు దాటిన గడికి ఒకటి, దాటని గడికి సున్నా వేయాలి. ఆ తర్వాత ఒక్కొక్క గడినే చూడకుండా, ప్రతి గడి చుట్టూ ఒక కిటికీ పెట్టి, ఆ కిటికీలో ఎంత భాగం గళ్లలో వాన ఉందో సూచన పటంలోనూ నమోదు పటంలోనూ వేరువేరుగా లెక్కపెట్టాలి. ఆ రెండు భాగాల తేడాలను వర్గం చేసి కూడాలి. వాటికి రాగల అత్యధిక తేడాగా రెండు పటాల భాగాల వర్గాలను విడివిడిగా కూడి కలపాలి. మొదటి మొత్తాన్ని రెండవదానితో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయాలి. ఒకటి వస్తే పూర్తి పొందిక, సున్నా వస్తే ఏ పొందికా లేదు.

పై ఎనిమిది గళ్ల మీద కాగితం తీసుకుని చేసి చూడండి, పది నిమిషాల పని. గీత బయట వాన లేదనుకోండి. ఒక్క గడి కిటికీకి స్కోరు సున్నా. మూడు గళ్ల కిటికీకి తేడాల మొత్తం 12, అత్యధికం 20, స్కోరు 0.4. అయిదు గళ్ల కిటికీకి తేడాల మొత్తం 12, అత్యధికం 36, స్కోరు 0.67. (ఈ మొత్తాలను భిన్నాల హారాలు తీసేసి రాశాను, నిష్పత్తి మారదు.) సూచన పనికొచ్చేదని చెప్పడానికి, నిజంగా వాన పడిన గళ్ల భాగంలో సగాన్ని 0.5కు కలిపి ఒక గీటురాయిగా వాడతారు. ఇక్కడ ఎనిమిదింటిలో రెండు గళ్లలో వాన పడింది కాబట్టి ఆ గీటురాయి 0.625. మూడు గళ్ల వద్ద దాటలేదు, అయిదు గళ్ల వద్ద దాటింది. అంటే ఈ సూచనను 36 కిలోమీటర్ల పరిసరంలో నమ్మలేం, 60 కిలోమీటర్ల పరిసరంలో నమ్మవచ్చు. వాన లేదని చెప్పిన మోడల్‌కు కిటికీ ఎంత పెంచినా సున్నాయే వస్తుంది. ఈ స్కోరులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం అదే.

మీ రెండవ ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబు ఉంది. ఎన్ని కిలోమీటర్ల తప్పును క్షమించాలో ముందే నిర్ణయించనక్కర్లేదు. కిటికీని ఒకటి, మూడు, అయిదు, ఏడు గళ్లుగా పెంచుకుంటూ వెళ్లి, ఎక్కడ గీటురాయి దాటుతుందో ఆ వెడల్పునే మోడల్ సామర్థ్యంగా చెప్పాలి. వాన పక్కకు జరిగిన దూరానికి సుమారు రెట్టింపు వెడల్పు దగ్గర ఇది గీటురాయిని దాటుతుందని ఒక మోటు లెక్క ఉంది. మీ చండూరు వాన ముప్పై అయిదు కిలోమీటర్లు జరిగి ఉంటే, డెబ్బై కిలోమీటర్ల వెడల్పు దగ్గర ఆ సూచన పనికొచ్చేదవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మోడల్ వానను అవసరానికి మించి పరిచే అలవాటు ఉన్నదైతే, కిటికీ ఎంత పెంచినా స్కోరు ఒకటికి చేరదు. నిజంగా పడిన దానికి రెట్టింపు గళ్లలో వాన చూపే మోడల్‌కు పైకప్పు 0.8. అందుకని స్థానం ఒక్కటే పరీక్షించదలిస్తే మి.మీ.ల హద్దుకు బదులు, ప్రతి పటంలోనూ ఎక్కువ వాన ఉన్న పై పదో వంతు గళ్లను తీసుకుని పోల్చండి. మోతాదు తప్పును వేరుగా చూడండి. రెండింటినీ కలిపేస్తే ఏది ఎందుకు తప్పిందో తెలియకుండా పోతుంది.

జవాబు 2: పాలమూరు_వానమాపకం

పై జవాబు చాలా బాగుంది, దాన్ని నేను కూడా దాచుకున్నాను. అయితే స్కోరు మార్చే ముందు మీ పట్టికలోని రెండవ నిలువు వరుసను, అంటే "నిజంగా పడిన వాన" అనుకుంటున్నదాన్ని, ఒకసారి గట్టిగా తడిమి చూడాలని నా మనవి. మహబూబ్‌నగర్ జిల్లాలో వానమాపకాల పని చాలా ఏళ్లు చూసినవాడిగా చెబుతున్నాను, సూచన తప్పని మనం రాసుకున్న రోజుల్లో కొన్ని నిజానికి మన నమోదు తప్పిన రోజులు.

అన్నిటికన్నా ముందు గంటల విషయం. మన దేశంలో రోజు వానను ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా లెక్కిస్తారు. గ్రీనిచ్ కాలమానంలో అది మూడు గంటలకు మొదలయ్యే రోజు. మోడల్ ఫైళ్లలో చాలావాటిలో రోజు గ్రీనిచ్ సున్నా గంటలకు మొదలవుతుంది, అంటే మనకు ఉదయం 5:30. ఆ మూడు గంటల తేడాలో తెల్లవారుజామున ఆగని వాన ఒకటి పడితే, ఒకే వాన రెండు తేదీల్లోకి చీలిపోతుంది. దానికి తోడు తేదీ రాసే పద్ధతి. వాతావరణ శాఖ సంప్రదాయంలో మంగళవారం సాయంత్రం పడిన వాన బుధవారం ఉదయం 8:30 కొలతలో, బుధవారం తేదీ కిందికి వస్తుంది. మన పక్క వాన ఎక్కువగా సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది మధ్య ఉరుములతో కురిసేదే కనుక, పట్టికలో తేదీ ఒక్క రోజు జరిగిందంటే నెల మొత్తం తలకిందులవుతుంది. మీ పట్టికను ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కు జరిపి స్కోరు కట్టి చూడండి. జరిపినప్పుడు స్కోరు పెరిగితే తప్పు మోడల్‌ది కాదు.

తర్వాత పరికరం. ఆటోమేటిక్ కేంద్రాల్లో వాన నీరు గరాటులోంచి దిగి, ఇటూ అటూ ఊగే రెండు చిన్న గిన్నెల్లో పడుతుంది. గిన్నె నిండి ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. మే నెల దుమ్ము, పిట్టల రెట్ట, పక్క చెట్టు నుంచి రాలిన వేపాకు గరాటు అడుగున చేరితే మొదటి వానకు ఆ కేంద్రం సున్నా చూపిస్తుంది, లేదా వాన వెలిశాక రాత్రంతా నెమ్మదిగా బొట్టుబొట్టుగా లెక్క పెడుతుంది. ఒకసారి జడ్చర్ల దారిలో ఒక కేంద్రం చుట్టూ మడుగులు కట్టి ఉన్నాయి, తెరలో మాత్రం సున్నా ఉంది. గరాటు విప్పి చూస్తే సాలెగూడు, దాని మీద పేరుకున్న మెత్తని మట్టి. చుట్టుపక్కల కేంద్రాలన్నీ ఇరవై దాటి చూపిస్తుంటే మధ్యలో ఒక్కటి సున్నా చూపితే, ఆ సున్నాను వాన పడని సున్నాగా కాక, కొలత లేని ఖాళీగా వదిలేయాలి.

రాష్ట్రంలో ఇలాంటి కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి కాబట్టి మనం అదృష్టవంతులమే, చాలా చోట్ల ఇంత దగ్గర దగ్గరగా ఉండవు. అయినా 12 కిలోమీటర్ల గడి అంటే 144 చదరపు కిలోమీటర్లు. అందులో జానెడు మూతి ఉన్న ఒక గరాటు ఆ గడి మొత్తానికి సాక్ష్యం చెబుతోంది. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి మరో కొమ్ము పొడిగా ఉండే వానలని పెద్దలు ఊరికే అనలేదు. కిటికీ పద్ధతికి ఇక్కడ మరో మేలు ఉంది: పది, పదిహేను కేంద్రాలు కలిసి సాక్ష్యం చెబుతాయి కనుక ఒక్క దాని పొరపాటు అంతగా తూగదు.

కిటికీ పెంచేటప్పుడు సరిహద్దుల సంగతి మరవకండి. నాగార్జునసాగర్ దగ్గర కిటికీ పెడితే సగం కృష్ణ అవతల పల్నాడులోకి వెళుతుంది, మక్తల్ దగ్గర పెడితే రాయచూరు వైపు కర్ణాటకలోకి వెళుతుంది, అమ్రాబాద్ దగ్గర నల్లమల అడవిలో కేంద్రాలే పలుచన. అక్కడ ఖాళీలను సున్నాలుగా నింపితే స్కోరు పాడవుతుంది. వాటి కోసం భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గళ్లతో ఇచ్చే రోజువారీ వాన పటాన్ని గానీ, అరగంటకొకసారి 0.1 డిగ్రీల గళ్లతో వచ్చే ఐమెర్జ్ ఉపగ్రహ అంచనాను గానీ వాడుకోవచ్చు. మొదటిదాని గడి పాతిక కిలోమీటర్లకు పైగా ఉంటుంది కనుక, దానితో 12 కిలోమీటర్ల మోడల్ సూక్ష్మతను పరీక్షించలేం.

హైదరాబాద్ డాప్లర్ రాడార్ చూస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. అర డిగ్రీ ఎత్తులో తిరిగే రాడార్ కిరణం మహబూబ్‌నగర్ చేరేసరికి నేలకు సుమారు 1.3 కిలోమీటర్ల పైన, గద్వాల చేరేసరికి రెండున్నర కిలోమీటర్లకు మించిన ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తులో కనబడిన చినుకులు కొన్నిసార్లు జూన్ మొదట్లో పొడిగాలిలో నేల చేరకుండానే ఆవిరవుతాయి. వాన ఎక్కడ ఉందో, ఎటు కదులుతుందో చూడటానికి రాడార్‌ను మించినది లేదు. ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెప్పడానికి మాత్రం నేల మీది గరాటుతో సరిచూడాల్సిందే.

చండూరు_పత్తిచేను

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. ఎనిమిది గళ్ల లెక్కను కాగితం మీద చేశాను, 0.4, 0.67 సరిగ్గా వచ్చాయి. ఇంకొక సందేహం మిగిలింది. కిటికీ పద్ధతి ఎంత పరిసరంలో నమ్మవచ్చో చెబుతోంది గానీ, వాన ఎటు వైపు జరిగిందో చెప్పడం లేదు. నా మొదటి మోడల్ వానను తరచుగా ఈశాన్యానికి జరిపి చూపిస్తోందని నాకు అనుమానం. దాన్ని తేల్చడం ఎలా?

జవాబు 3: మేఘం_ఆకారం

దానికి వేరే కుటుంబం పద్ధతులు ఉన్నాయండి. స్థానాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతులను మామూలుగా నాలుగు తెగలుగా విడదీస్తారు: ఇప్పటిదాకా చెప్పిన పరిసర పద్ధతులు, పటంలోని పెద్ద ఆకారాలనూ చిన్న ఆకారాలనూ విడగొట్టి చూసేవి, వానను ఒక వస్తువుగా గుర్తించి పోల్చేవి, సూచన పటాన్ని రబ్బరు గుడ్డలా సాగదీసి నమోదు పటానికి సరిపెట్టేవి. మీకు కావలసింది మూడవ తెగ.

అందులో 2000లో ఈబర్ట్, మెక్‌బ్రైడ్ ఆస్ట్రేలియాలో రూపొందించిన కంటిగ్యుయస్ రెయిన్ ఏరియా పద్ధతితో మొదలుపెట్టండి, అర్థం చేసుకోవడం తేలిక. ఒక హద్దు దాటిన వాన ఉన్న గళ్లన్నీ కలిసిన ముద్దను సూచనలోనూ నమోదులోనూ గుర్తించాలి. సూచన ముద్దను గడి గడిగా నాలుగు దిక్కులకూ జరుపుతూ, నమోదు ముద్దతో అతి తక్కువ దోషం వచ్చే చోట ఆపాలి. జరిపిన దూరం, దిక్కు మీ ప్రశ్నకు నేరుగా జవాబు. జరపడం వల్ల తగ్గిన దోషం స్థానం వాటా. జరిపాక కూడా మొత్తం వాన సగటులో మిగిలిన తేడా మోతాదు వాటా. ఆ రెండూ పోగా మిగిలింది ఆకారం వాటా. ఒక్క రోజు చూసి ఈశాన్యం అనకండి. వానాకాలం మొత్తంలో ముద్ద స్పష్టంగా గుర్తుపట్టగలిగిన రోజులన్నిటికీ బాణం గుర్తులు గీసి, అవన్నీ ఒకే వైపు తిరిగి ఉంటేనే అది మోడల్ అలవాటు అవుతుంది; నాలుగు దిక్కులకూ చెదిరి ఉంటే అది ఆయా రోజుల అదృష్టమే.

మీ రెండవ మోడల్ బండారం బయటపెట్టడానికి మాత్రం వెర్న్లీ, ఆయన సహచరులు 2008లో ఇచ్చిన శాల్ పద్ధతి మంచిది. అందులో మూడు అంకెలు ఉంటాయి. ఆకృతి అంకె మైనస్ 2 నుంచి 2 దాకా ఉంటుంది. సూచనలో వాన మరీ వెడల్పుగా, చదునుగా పరుచుకుంటే అది సున్నాను దాటి పైకి పోతుంది. మోతాదు అంకె కూడా మైనస్ 2 నుంచి 2 దాకా. ప్రాంతం సగటు వానను రెట్టింపు చూపితే అది 0.67 అవుతుంది. స్థానం అంకె సున్నా నుంచి 2 దాకా. జిల్లా అంతటా నాలుగు మిల్లీమీటర్లు పరిచే మోడల్‌కు మోతాదు అంకె సున్నాకు దగ్గరగా ఉండి, ఆకృతి అంకె చాలా పైన ఉండటం మీకు కనబడుతుంది. అది తక్కువ దోషం ఎలా సంపాదిస్తోందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

అయితే వస్తువు పద్ధతులు అన్ని వానలకూ పనికిరావు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా వెళ్లినప్పుడు పడినటువంటి వాన ఒక పెద్ద ముద్ద. దాన్ని జరిపి పోల్చడంలో అర్థం ఉంది. జూన్ సాయంత్రాలు ఇక్కడొకటి అక్కడొకటి లేచే ఉరుముల మబ్బుల్లో సూచనలోని ఏ ముద్ద నమోదులోని ఏ ముద్దకు జోడీ అని తేల్చడమే కష్టం. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ వారి మోడ్ పద్ధతి ముద్దలను నునుపు చేసి, దూరం, వైశాల్యం, వాలు వంటివి తూచి జోడీలు కడుతుంది గానీ, ఎంత నునుపు చేయాలో, ఏ హద్దు పెట్టాలో మనమే ఎంచుకోవాలి. ఆ ఎంపికతో ఫలితం మారుతుంది. అందువల్ల జూన్, జూలైలకు కిటికీ పద్ధతి, వాయుగుండాల వానకు ముద్దల పద్ధతి అని విడదీసుకోవడం నా అనుభవంలో మేలు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పైస్టెప్స్, ఆర్ అనే భాషలో స్పేషియల్‌విఎక్స్ ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. వాటితో ఇవి చాలావరకు చేయవచ్చు.

జవాబు 4: చెలకల_మధ్య

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో రైతులకు సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను. మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్‌ను ఊళ్లలో చదివి వినిపిస్తాను. పై చర్చ చదివాక చెప్పాలనిపించిన రెండు మాటలు ఉన్నాయి.

మనం రోజూ వినే "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "చాలా చోట్ల", "దాదాపు అన్ని చోట్ల" అన్న మాటలు ఊరికే వాడే మాటలు కావు. ప్రాంతంలోని కేంద్రాల్లో పాతిక శాతం లోపు, 26 నుంచి 50, 51 నుంచి 75, 76 నుంచి 100 శాతం వాటిలో వాన పడుతుందని వాటి అర్థం. అంటే వాతావరణ శాఖ ఎప్పటినుంచో కిటికీ భాషలోనే మాట్లాడుతోంది. "కొన్ని చోట్ల" అన్న రోజు మా ఊళ్లో చినుకు పడలేదని ఒకరు అంటే అది సూచన తప్పని రుజువు కాదు. జిల్లాలోని మండల కేంద్రాల్లో ఎన్నింటిలో పడిందో లెక్కపెడితేనే తెలుస్తుంది. ఆ లెక్కను మీ పట్టికలో ఒక వరుసగా చేర్చమని కోరుతున్నాను. ఊళ్లలో జనానికి ముందు అర్థమయ్యేది అదే.

రెండవ మాట కొంచెం కష్టమైనది. అరవై కిలోమీటర్ల పరిసరంలో పనికొచ్చే సూచన అని మనం మోడల్‌కు మార్కులు వేస్తాం, మంచిదే. కానీ రైతు చేను అరవై కిలోమీటర్లు ఉండదు. చెలక (తేలికపాటి ఎర్ర) నేలలో 50, 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి విత్తమని మేము చెబుతాం. పక్క మండలంలో పడిన వానను నమ్మి పొడి దుక్కిలో విత్తనం వేసినవాళ్లు, మొలక రాక పోగుంటలు పెట్టి (మొలవని చోట మళ్లీ విత్తనం వేసి), అవీ రాక రెండో ప్యాకెట్ కొనడం నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. మోడల్‌ను మెచ్చుకునే స్కోరును చూపి, రైతు ఎదుట ఈ సూచన మంచిదని చెబితే అతడు దాన్ని తన చేనికి మంచిదని వింటాడు. ఆ తేడాను మనమే విప్పి చెప్పాలి.

దానికి కిటికీలోనే ఒక దారి ఉంది. పై ఎనిమిది గళ్ల ఉదాహరణలో అయిదవ గడి రైతుకు మోడల్ తన గడిలో వాన చూపలేదు. అయితే అతడి చుట్టూ ఉన్న అయిదు గళ్లలో రెండింటిలో చూపింది. "వాన లేదు" అని కాక, "పదిలో నాలుగు పాళ్లు అవకాశం ఉంది" అని అతడికి చెప్పవచ్చు. మందు పిచికారీ చేయబోయేవాడికి ఆ నాలుగు పాళ్లు ఆగమని చెప్పడానికి చాలు, ఎందుకంటే వాన కడిగేస్తే మందు, కూలి రెండూ పోతాయి, ఒక రోజు ఆగితే పెద్దగా పోయేది లేదు. విత్తేవాడికి అదే నాలుగు పాళ్లు చాలవు. అలా నాలుగు పాళ్లు అని చెప్పిన రోజులన్నీ ఏరి, వాటిలో నిజంగా పదింట నాలుగు రోజులు వాన పడిందా లేదా అని సీజన్ చివర చూస్తే, అది రైతు వైపు నుంచి చేసిన సరిచూత అవుతుంది.

చండూరు_పత్తిచేను

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. నెల రోజులు పట్టిక మొత్తం తిరగరాశాను.

పాలమూరు మిత్రులు అనుమానించినట్టే జరిగింది. నేను మొదటి మోడల్ ఫైలును 5:30 నుంచి 5:30 దాకా తీసుకుని, 8:30 నమోదుతో పోల్చుతున్నాను. అంతకంటే పెద్దది, కేంద్రాల తేదీని నేను వాన పడిన రోజుగా చదువుతున్నాను. జూన్ అంతా ఒక రోజు జరిగి ఉంది. అది సరిచేశాక రెండు మోడళ్ల మధ్య పాత స్కోరులో తేడా చాలావరకు తగ్గిపోయింది. నేను దేవరకొండ వాన అని చెప్పిన రోజు మాత్రం సరిచేశాక కూడా అలాగే నిలిచింది, అది నిజంగా స్థానం తప్పిన వానే.

కిటికీ స్కోరు 15 మి.మీ. హద్దుతో కట్టాను. మొదటి మోడల్ జూలైలో అయిదు గళ్ల దగ్గర గీటురాయి దాటుతోంది, జూన్‌లో తొమ్మిది గళ్లు కావలసి వచ్చింది. రెండవ మోడల్ ఆ హద్దును దాటే వాన దాదాపు ఎన్నడూ చూపదు కనుక దాని స్కోరు సున్నా దగ్గరే ఉండిపోయింది. ఈశాన్యం వైపు జరుగుతుందన్న నా అనుమానం నిలబడలేదు. గుర్తుపట్టగలిగిన ముద్దలు కొద్దిగానే దొరికాయి, వాటి బాణాలు నాలుగు వైపులా ఉన్నాయి. మరో రెండు సీజన్లు చూడకుండా దాని మీద ఇంకేమీ అనను.

పాళ్ల లెక్క నాయనకు చెప్పాను. నాలుగు పాళ్లంటే విత్తనం వేయనన్నాడు, ఆరు పాళ్లంటే ఆలోచిస్తానన్నాడు, చేను తడిశాక అయితే ఏ పాళ్లూ అక్కర్లేదన్నాడు. వచ్చే మృగశిర నుంచి మా ఊరి పాల కేంద్రం గోడ మీద రెండు అంకెలు రాస్తాను: మన మండలానికి ఎన్ని పాళ్లు, జిల్లాలో ఎన్ని చోట్ల. మే చివరి ఆదివారం మా మండల కేంద్రం దగ్గర గరాటు సంగతి చూడటానికి అక్కడి సిబ్బంది అనుమతి అడిగాను, రమ్మన్నారు.